కాపీ చెయ్యని క్యాసెట్లు

మా లైబ్రేరియన్ గారు పోయారని బాపట్ల నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక ఎవరికైనా చెబుదామని చూస్తే, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఆఫీసులో నేను తప్ప ఎవరూ మిగల్లేదు. ఆయన ఊరికి వెళ్ళిపోతూ నాకిచ్చిన ఖర్జూరం డబ్బాని బీరువాలోంచి తీసి బల్లమీద పెట్టుకున్నాను.

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఒక పరిశోధనా సంస్థ లైబ్రరీ మాది. ఆయన పుస్తకాల వైపు, నేను కంప్యూటర్ల వైపు. నేను చేరేసరికి గల్ఫ్ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. యుద్ధం వస్తుందనగానే ఆయన భార్యనీ కూతుర్నీ ఊరికి పంపేసి, తాను మాత్రం ఉండిపోయారట. "సైరన్ మోగితే అందరూ బేస్‌మెంట్లోకి పరిగెత్తేవారయ్యా. నాకు దిగుల్లేదు, జర్నల్స్‌ని ముందే అక్కడికి దింపేశాగా" అని నవ్వేవారు.

వాటిలో ఒక చిన్న జర్నల్ అంటే ఆయనకి ప్రాణం. కువైట్ సరిహద్దులోని ఖఫ్జీ నుంచి కిందికి ఈ తీరం వెంట ఏ చేపలుంటాయి, ఏ పిట్టలు వాలతాయి అని ఓపిగ్గా రాసిన జర్నల్. యుద్ధంలో సముద్రం మీద చమురు తెట్టె కట్టింది, ఆ జర్నల్ ఆఫీసూ మూతపడింది. అంతకుముందు ఈ తీరం ఎలా ఉండేదో చెప్పడానికి, మాకు తెలిసినంతవరకు, మా దగ్గరున్న సంపుటాలే మిగిలాయి.

వాటిని స్కాన్ చేయించి సీడీల్లోకి ఎక్కించాం. చేసిచ్చినవాళ్ళు అంతా సరిగ్గా ఉందన్నారు. నా కంప్యూటరూ అదే మాట అంది. ఆయన పేజీ పేజీ తెరిచి చూస్తే, పట్టికల్లో చివరి వరస తెగిపోయి ఉంది! మొత్తం మళ్ళీ చేయించారు. "చూడని కాపీ కాపీ కాదయ్యా" అన్నారు. సీడీల నుంచి హార్డ్ డిస్కుకి, అక్కణ్ణుంచి సర్వర్‌కి మార్చిన ప్రతిసారీ మొదట్నుంచి చివరిదాకా చూడాల్సిందే. నాకు విసుగొచ్చి "ఇవన్ని ఎవలు చదువుతరు సార్?" అంటే "నేను చదువుతున్నాగా" అనేవారు.

ఆన్‌లైన్ చందాలొచ్చాక, బైండు పుస్తకాలన్నీ తీసేద్దామని పైవాళ్ళు మీటింగు పెట్టారు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆరోజు గట్టిగానే అడిగారు, చందా అంటే అద్దె కదా, ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతామని. పుస్తకాలు ఉండిపోయాయి. ఆయనంటే విసుక్కునేవాళ్ళు ఇంకొంచెం పెరిగారు.

అజీజియాలో ఆయన ఒంటరిగా ఉండే ఫ్లాటుకి శుక్రవారాలు వెళ్ళేవాణ్ణి. అన్నం నేను వండితే పప్పు ఆయన చేసేవారు. ఎప్పుడూ పప్పే. ఒక శుక్రవారం అల్మారాలో ఖర్జూరం డబ్బా నిండా క్యాసెట్లు కనిపించాయి. ఫోన్ ఖర్చు భారమైన రోజుల్లో ఆయన భార్య కబుర్లన్నీ రికార్డు చేసి, ఊరినుంచి వచ్చేవాళ్ళ చేత పంపేదట. ఆవిడ మళ్ళీ ఇక్కడికి రానేలేదు. జబ్బు చేసింది. దేశం దాటి వెళ్ళిరావడానికి ఇచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం చేతికొచ్చి ఈయన బాపట్ల చేరేసరికి అంతా అయిపోయింది.

"టేపు ఖరాబైతది సార్. ఇవెందుకు కాపీ చెయ్యలే?" అన్నాను.

ఆయన అన్నం కలుపుతూ అన్నారు, "చెయ్యాలంటే మొత్తం వినాలి కదయ్యా."

మళ్ళీ ఆ ఊసెత్తలేదు నేను. ఉద్యోగం ముగిసి ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళేరోజు ఆయనే ఆ డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇంటికి పట్టుకెళ్తే అమ్మాయి పెట్టమంటుంది. నేను తట్టుకోలేను. నా తర్వాత నువ్వు చేసి దానికి పంపు. వాళ్ళమ్మ గొంతు దానికి గుర్తులేదంట."

ఈ శుక్రవారం లైబ్రరీలో ఎవరూ లేరు. టేప్ రికార్డర్ని కంప్యూటర్‌కి తగిలించి మొదటి క్యాసెట్ పెట్టాను. గరగర తప్ప ఏమీ రాలేదు. రెండోదీ అంతే. ఆయన మీద కోపమొచ్చింది, నిజంగానే. ఊరందరి రాతలూ కాపాడి దీన్నా వదిలేసేది!

మూడోదాంట్లో కుక్కర్ కూత వినిపించింది. తర్వాత ఆవిడ గొంతు. పరాయి ఇంట్లోకి తొంగిచూస్తున్నట్టు బిడియం వేసింది, అయినా విన్నాను. పాప బడి సంగతులు చెప్పి, "ఇవాళ ఏం వండుకున్నారు?" అని ఆగింది. ఆయన జవాబు చెప్పేందుకు కాస్త జాగా వదిలింది. ఆ జాగాలో ఫ్యాను చప్పుడు మాత్రం ఉంది. "సరేలెండి" అని, జవాబు విన్నదానిలాగే మళ్ళీ మొదలుపెట్టింది.

రికార్డింగు అయ్యాక, మధ్యలో ఖాళీలు తీసెయ్యమంటావా అని కంప్యూటర్ అడిగింది. వద్దన్నాను. కాపీ సరిగ్గా వచ్చిందో లేదో చూడాలిగా, మొదట్నుంచి పెట్టాను. కుక్కర్ కూసింది. పాప బడి సంగతులు అయిపోయాయి.

"ఇవాళ ఏం వండుకున్నారు?"

ఫ్యాను తిరుగుతోంది.

"పప్పేనమ్మా" అన్నాను, ఖాళీ లైబ్రరీలో.