తొమ్మిదో నంబరు బడి

ఉద్యోగం వచ్చాక ఆడమనిషికి ఇంకా చదువెందుకని అడిగిన వాళ్లందరికీ నేను ఒకటే జవాబు చెప్పేదాన్ని. నాకిష్టం, చదువుతాను. పెనుబల్లి వైపు మా చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. మా చర్చి పెద్ద ఒకాయన నాకు కాస్త వినయం రావాలని ప్రార్థన కూడా చేశాడు. ఆ ప్రార్థన ఫలించలేదు.

రెండు వేల సంవత్సరం దాటి అప్పటికి నాలుగైదేళ్లయింది. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న బాలికల ఆశ్రమ పాఠశాలలో నేను సైన్సు టీచరుని. పిల్లలంతా బడిలోనే ఉండి చదువుకునేవాళ్లు, ఎక్కువ మంది కోయ పిల్లలు. దూరవిద్యలో ఎం.ఎడ్. కట్టి, సైన్సు బోధనను ప్రత్యేకాంశంగా తీసుకున్నాను. సెలవుల్లో ఖమ్మం వెళ్లి తరగతులకు కూర్చునేదాన్ని. చివర్లో ఒక పరిశోధన చేసి, గైడు సంతకం పెట్టించి, అట్ట కట్టించి ఇవ్వాలి. నాతో చదివినవాళ్లు చాలామంది జిరాక్సు సెంటరులో పాత పుస్తకమొకటి సంపాదించి, ఊళ్ల పేర్లు మార్చి టైపు చేయించుకున్నారు. ఒకాయన పుస్తకంలో మా అడవి పిల్లలు సముద్రంలో చేపలు పట్టడానికి పోయి బడి మానేస్తున్నారని ఉంది! నాకు అలాంటి పని చచ్చినా ఇష్టం లేదు.

నేను తీసుకున్నది సైన్సు పెట్టె సంగతి. ప్రతి ఆశ్రమ పాఠశాలకూ సర్కారు ఒక పెట్టె ఇచ్చింది. అందులో అయస్కాంతాలు, భూతద్దాలు, గాజు గొట్టాలు, థర్మామీటర్లు ఉంటాయి. పెట్టె స్టాకు రిజిస్టరులో ఎక్కుతుంది గనక లోపల ఏది పగిలినా సంజాయిషీ రాయాల్సింది సైన్సు టీచరే. అందుకని మా వాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. మూత మీద అడ్డంగా కాగితం పట్టీ అతికించి సంతకం చేస్తారు. బదిలీ మీద కొత్త టీచరు వస్తే, పాత పట్టీ పక్కన ఇంకో పట్టీ అతికించి తన సంతకం పెడుతుంది. లోపల ఏముందో ఎవరూ చూడరు. పట్టీ చిరగలేదంటే అంతా భద్రంగా ఉన్నట్టే లెక్క.

పన్నెండు బళ్లకు ప్రశ్నావళి పట్టుకుని తిరిగాను. పెట్టెను ఎన్నాళ్లకోసారి వాడతారు అన్నది అందులో అసలు ప్రశ్న. టీచర్లు టీ ఇచ్చి, ముచ్చట పెట్టి, 'వారానికోసారి' అన్నచోట టిక్కు కొట్టి ఇచ్చారు. నాకెందుకో అనుమానం వచ్చి, పెట్టె ఒకసారి చూపించమన్నాను. ఒక బళ్లో అది బియ్యం బస్తాల కింద ఉంది. ఇంకో బళ్లో దానికి చెద పట్టింది. పట్టీలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. ప్రశ్నావళి పక్కన చేత్తో ఇంకో గడి గీసి, 'పట్టీ విప్పారా, లేదా' అని రాసుకుంటూ పోయాను. బళ్ల పేర్లు రాయకుండా నంబర్లు వేశాను.

తొమ్మిదో నంబరు మా బడి. అక్కడ సైన్సు టీచరుని నేనే గనక కాగితం నేనే నింపుకోవాలి. కూర్చుని, ఏమీ ఆలోచించకుండా 'వారానికోసారి' దగ్గర టిక్కు కొట్టేశాను. కొట్టాక నాకే వింతగా అనిపించి స్టోరు గదిలోకి పోయాను. పెట్టె ఓ మూలన ఉంది, దాని మీద అన్నం పళ్లేలు పేర్చి ఉన్నాయి. పళ్లేలు దించి చూస్తే కాగితం పట్టీ మీద నా సంతకం. మూడేళ్ల కిందట చార్జి తీసుకున్న రోజున పెట్టింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్ని బళ్లు తిరిగి ఎవరెవరినో తిట్టుకున్నదాన్ని, నేనేం ఉద్ధరించాను? ఆ టిక్కు మీద అడ్డంగా గీత గీసి, దాని కింద 'ఒక్కసారి కూడా లేదు' అని రాశాను.

మా గైడు సారు ఖమ్మంలో ఉండేవారు. మంచాయనే, కానీ తంటా అంటే గిట్టదు. నా కాగితాలు తిరగేసి కళ్లజోడు తీశారు.

"ప్రశ్నావళి ఇయ్యమన్న గానీ పెట్టెలు తియ్యమని నీకెవరు చెప్పిండ్రమ్మా? వాళ్లు టిక్కు కొట్టిందే నీకు లెక్క. గా గడి తీసేయ్, నీ బడికి గూడ టిక్కే ఉంచు."

"వాళ్లు అబద్ధం చెప్పిండ్రు సార్."

"అయితే ఏంది? గదంతా నీకెందుకు? డిగ్రీ కావాల్నా, వద్దా?"

ఈ కబురు మా హెడ్మాస్టరు దాకా పోయింది. ఎలా పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆయన నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"ఏంది టీచరమ్మా, మన బడి పరువు తీస్తరా?"

"బడి పేరు రాయలేదు సార్. తొమ్మిదో నంబరు అని రాసిన."

"తొమ్మిదో నంబరు ఏదో గీ అడవిల చెట్లకు గూడ తెలుసు. మెమో వస్తది, చూస్కోండి."

భయం వేయలేదంటే అబద్ధం. రెండేళ్లుగా సెలవులన్నీ బస్సుల్లో పోగొట్టుకుని చదివిన చదువు. గైడు సంతకం లేకపోతే పుస్తకం తీసుకోరు, పుస్తకం లేకపోతే ఎం.ఎడ్. లేదు. కానీ ఆ గడి తీసేస్తే మళ్లీ నా టిక్కు నిజమైపోతుంది. మా పిల్లలు వారం వారం ప్రయోగాలు చేశారని నా చేత్తో నేనే రుజువు చేసినట్టవుతుంది. అది మాత్రం నావల్ల కాదనుకున్నాను.

గడువు రెండు రోజులుందనగా గైడు సారు ఇంటికి పోయి వరండాలో కూర్చున్నాను.

"సంతకం పెట్టకుంటే పెట్టకండి సార్. వచ్చే ఏడు మళ్లీ ఫీజు కడత. మళ్లీ గిదే రాస్త. మీరు గాకుంటే ఇంకో గైడును అడుగుత."

ఆయన లోపలికి పోయి పెన్ను తెచ్చుకున్నారు. "వైవాల నువ్వే చెప్పుకో తల్లీ, నేను నోరు విప్ప" అంటూ సంతకం పెట్టారు. నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

వైవాకు వచ్చిన పరీక్షకుడు వేరే జిల్లా ఆయన, వయసు మళ్లిన మనిషి. పుస్తకం నిజంగా చదివి వచ్చాడు. తొమ్మిదో నంబరు దగ్గర వేలు పెట్టి ఆపాడు.

"అందరూ వారానికోసారి వాడతామన్నారు. ఈ ఒక్క టీచరే వాడలేదని ఒప్పుకుంది. ఎవరండీ ఈవిడ?"

మా గైడు సారు తల వంచుకుని గోళ్లు చూసుకుంటున్నారు.

"నేనే సార్" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో నాకిప్పటికీ గుర్తుంది.

ఆయన పుస్తకం మూసి, మామూలుగా అడిగాడు. "మరి ఇది రాశాక ఆ పెట్టె తెరిచారా?"

గడి కోసం గైడుతో కొట్లాడాను, హెడ్మాస్టరుకు ఎదురు చెప్పాను, సంతకం కోసం ఇంటి ముందు కూర్చున్నాను. ఇదంతా జరిగిన మూడు నెలలూ పెట్టె పళ్లేల కిందే ఉంది. "లేదు సార్" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా మార్కులు వేసుకున్నాడు. ఎం.ఎడ్. పాసయ్యాను.

వైవా అయిన మర్నాడు బడికి పోయి, ఎవరినీ అడగకుండా పెట్టెను పదో తరగతి గది మధ్యకు ఈడ్పించి, పట్టీలు పర్రున చింపాను. హెడ్మాస్టరు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఒక పిల్ల చేతిలోంచి థర్మామీటరు జారి భళ్లున పగిలింది. పిల్లల్ని పక్కకు జరిపి, ముక్కలు నేనే ఎత్తాను. రిజిస్టరులో 'పాఠం చెబుతుండగా పగిలినది' అని ఆయన ఎదురుగానే రాసి సంతకం పెట్టాను. ఆయన అన్నంత పనీ చేశాడు, మెమో వచ్చింది. మూడేళ్లు మూసి ఉంచినందుకు కాదు, అనుమతి లేకుండా తెరిచినందుకట! సంజాయిషీలో 'సైన్సు చెప్పాను' అని ఒక్క ముక్క రాసి పంపాను. ఏం చేసుకుంటారో చేసుకోమన్నాను.

ఆ మెమోకు నేను బెదరలేదు గానీ, పెట్టె తెరిచిన రోజే దాని దగ్గర ఒక అమ్మాయి అడిగిన మాటకు మాత్రం తల దించుకున్నాను. నేను ఆ బళ్లో చేరినప్పుడు ఎనిమిదిలో ఉన్న పిల్ల. మూడేళ్లూ పుస్తకం చూసి అయస్కాంతం బొమ్మ గీసి, పరీక్షలో ఆ బొమ్మకు నా చేతే నిండు మార్కులు వేయించుకుంది. ఇంకో నెలలో పరీక్షలు రాసి వెళ్లిపోతుంది. అయస్కాంతాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"టీచర్, ఇది ఇన్ని రోజులు ఈన్నే ఉన్నదా?"

"అవ్, ఈన్నే ఉన్నది."

"మరి ఎందుకు తియ్యలే?"

రిజిస్టరు గురించి, సంజాయిషీల గురించి చెప్పొచ్చు. పుస్తకంలో అవన్నీ రాశాను, మార్కులు కూడా వచ్చాయి.

"భయపడ్డ" అన్నాను.

ఆ పిల్ల అయస్కాంతం పిడికిట్లో పట్టుకుని, మిగతా పిల్లల్ని పిలుచుకుంటూ బయట ఇసుకలోకి పోయింది.