మా అత్త గుండీల లెక్క

మా మేనత్త చేసే అద్దంలో మొహం చూసుకుందామని వెళితే చీవాట్లు తినాల్సిందే. అవి ఎక్స్‌రే కిరణాల కోసం చేసే అద్దాలు. వంపు తిరిగిన గాజుని గాలి తీసేసిన పెట్టెలో పెట్టి, రెండు రకాల పొరలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తుంది. వెంట్రుకని ఇరవై వేల చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతో, ఒక్కో పొర అంత. ఒక పొర రెండుసార్లు పడినా కంటికి తెలియదు, అద్దం మాత్రం ఎందుకూ పనికిరాదు.

యంత్రం పాతది, పొరపొరకీ పెట్టె లోపలి అడ్డుమూతని బయటి పిడి తిప్పి చేత్తోనే తియ్యాలి. అందుకని కోటు కుడి జేబులో మావయ్య పాత చొక్కాల గుండీలు పోసుకునేది. ఒక రకం పొరకి తెల్లవి నలభై, రెండో రకానికి నల్లవి నలభై. పొర పడగానే గుండీ ఎడమ జేబులోకి మారేది. ముప్ఫై ఏళ్ళుగా తప్పని లెక్క అని మా చెవులు చిల్లులు పడేలా చెప్పేది.

ఆ రోజు పని ముగిశాక ఎడమ జేబు బోర్లిస్తే తెల్లవి నలభై ఒకటి వచ్చాయి, అంటే ఒక పొర ఎక్కువ పడినట్టే. అనుమానం ఉన్న అద్దాన్ని కార్ఖానా వాళ్ళు పరీక్షకి కూడా పంపరు, మర్నాడే యాసిడ్‌తో పొరలు కడిగేస్తారు. దాంతో గాజు నునుపూ పోతుంది. ఆ నునుపు మావయ్యది. అదే కార్ఖానాలో పదకొండు నెలలు కూర్చుని రుద్దాడు. ఆ గుండీ కిటికీలోంచి విసిరేస్తే అడిగే నాథుడు లేడు. అత్త దాన్ని ఇంటికి తెచ్చి మావయ్య ముందు పెట్టి, సంగతి చెప్పి ఏడ్చింది.

"పోనీలే, మళ్ళీ రుద్దుతాను" అన్నాడు మావయ్య, ఏదో కాఫీ ఒలికినంత తేలిగ్గా.

తర్వాత ఉతకడానికి అత్త కోటు తీసి, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎడమ జేబు మూతకుండాల్సిన తెల్ల గుండీ లేదు, దారం ముక్క వేలాడుతోంది. ఊడి జేబులోనే పడిందన్నమాట. నాకు నవ్వాగలేదు. ఆ అద్దం తర్వాత పరీక్షలో నెగ్గింది కూడా.

మావయ్య గుండీ కుట్టేద్దామని సూది పట్టుకున్నాడు. మూడుసార్లు ప్రయత్నించినా దారం ఎక్కలేదు. చూపు ఆనలేదనుకున్నాను నేను. అత్త ఆయన చేతుల వంకే చూస్తోంది.

"ఎప్పట్నుంచి వణుకుతున్నాయి?"

"ఆ అద్దం రుద్దిన చివరి నెల నుంచి."

"మరి మళ్ళీ రుద్దుతానన్నారు?"

"నువ్వు ఏడుస్తున్నావుగా."

అత్త సూది లాక్కుని దారం ఎక్కించింది. గుండీ మాత్రం ఆయన చేతే కుట్టించింది. దానికి అరగంట పట్టింది, ఆవిడ పక్కనుంచి కదల్లేదు.