ఓడిన సేనాని వేషం

కువైట్‌లోని మహబూలాలో తన ఫ్లాట్‌లో ట్యూషన్ చెప్పే కుముదిని గారు చరిత్ర పాఠాన్ని నాటకంలా ఆడిస్తారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం రాగానే పిల్లలందరికీ వాషింగ్టన్ వేషమే కావాలి. లొంగిపోయే బ్రిటిష్ సేనాని వేషం ఎవరికీ వద్దు. అందుకని ఏటా ఆవిడే చెంగు దోపుకుని, మోకాళ్ళ నొప్పితోనే నడిచొచ్చి, చెక్క స్కేలును కత్తిలా అప్పగిస్తారు. ఈసారి వాషింగ్టన్ అమృత. స్కూలు కెప్టెన్ ఎన్నికలో ఆమె చేతిలో ఓడిన ప్రణతి ఆమెతో మాట్లాడటం మానేసింది.

“అసలు సేనాని ఒంట్లో బాలేదని రాలేదమ్మా, కింది అధికారిని పంపాడు,” అన్నారు కుముదిని, స్కేలు తీస్తూ.

“సిగ్గేసిందా మేడమ్?” అంది ప్రణతి.

“ఏమో. ఏటా ఆయన బదులు నేనే వెళ్తున్నా.”

ప్రణతి లేచింది. “ఇటివ్వండి మేడమ్.” స్కేలు అమృత చేతిలో పెట్టి, “పట్టుకో కెప్టెన్,” అంది.

కుముదిని ఏమీ చూడనట్టే పేజీ తిప్పారు.