అమ్మ ఆపేసిన పద్యం

నిన్న రాజమండ్రిలో మనవడి నాటకం చూడబోతే, తెర వెనక నుంచి అర్దళం వాసన వచ్చింది. వేషగాళ్లు ముఖానికి పూసుకునే ఆ పసుపు రంగు వాసనకి నేను మళ్లీ ఏడేళ్ల పిల్లనైపోయాను.

అప్పట్లో మా అమ్మ నాటకాల్లో పేరుమోసిన నటి. ఆమె రాణి వేషం కడుతోందంటే సామర్లకోట నుంచి కూడా జనం బళ్లు కట్టుకుని వచ్చేవారు. నాకు నాన్న లేడు, తోటి పిల్లలూ లేరు. తెర పక్కన పెట్టె మీద కూర్చుని ఆమె పద్యాలన్నీ కంఠతా పట్టేదాన్ని.

ఒక సాయంత్రం ముందు వరసలో ఇంగ్లీషు దొరలు కూర్చున్నారు. అమ్మ పద్యం మధ్యలో ఆపేసి, వెనక కూర్చున్న జనంతో, "వందేమాతరం అన్నారని మీ ఊరి పిల్లల్ని జైల్లో పెట్టారండి. నాకు పాడబుద్ధి కావటం లేదు" అంది. దొరలు లేచి వెళ్లిపోయారు. అమ్మ పద్యం మరిచిపోయిందనుకుని, తరవాతి పాదం గట్టిగా అందించాను. ఆమె నావైపు చూసింది గాని పాడలేదు.

మర్నాడు నాటకాల యజమాని, "మిమ్మల్ని ఇంక ఉంచుకోలేనమ్మా, మమ్మల్ని ఆడనివ్వరు" అన్నాడు. ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండి ఇంగ్లీషు పోలీసులు రాని యానాంకి ఇద్దరమే పడవెక్కాం.

"నేను ఇంకా గట్టిగా చెప్పాల్సిందమ్మా" అని ఏడ్చాను.

"నాకు వినపడింది తల్లీ" అంది.

మళ్లీ ఆమెను ఎవరూ వేషానికి పిలవలేదు, మా ఇంటికి ఎవరూ రాలేదు. సాయంత్రాలు అరుగు మీద నేను ఆ పద్యాలు చదువుతుంటే పక్కన కూర్చుని వినేది. ఆమె ఆ రోజు ఏదీ మరిచిపోలేదని నాకు అర్థమయ్యేసరికి, ఆ సంగతి చెప్పుకోవడానికి అమ్మ లేదు.