ఎదుటి కొండకు దీపం

రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్ళు అరకులో అద్దెగదిలో ఉంటూ, సోలార్ ప్యానెళ్ళు అమ్మే ఒక కంపెనీకి పనిచేశాను. ఇంటి ఫోటో తీసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తే, కప్పు మీద ప్యానెల్ ఎక్కడ పెట్టాలో, ఏ వేళకు నీడ ఎటు పడుతుందో, ఎక్కడ బల్బు పెడితే ఎంత మేర వెలుగొస్తుందో బొమ్మలో కనిపించేది. అది చూపించి ఇంటివాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడమే నా ఉద్యోగం. పగలంతా ఊళ్ళమ్మట తిరుగుతూ మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. గదికి చేరాక మాత్రం నోరు విప్పే పనే ఉండేది కాదు.

పెదబయలు దాటాక ఒక గూడెం చివర, కాఫీ తోటను ఆనుకుని ఒక ముసలామె రేకుల ఇంట్లో ఒక్కతే ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. వాకిట్లో కూర్చోబెట్టి ఆమె ఇంటినే తెర మీద చూపించాను. గోడ పగులుతో సహా గుర్తుపట్టి నవ్వింది. రెండు బల్బుల సెట్టు చాలని చెప్పి, పొయ్యి దగ్గర ఒకటి, పడుకునే చోట ఒకటి పెట్టి, బొమ్మను సాయంత్రం వేళకు మార్చాను. చాలాసేపు చూసింది.

"ఒకటి బయటెట్టు బాబూ, ఆ కొండేపు."

లోపల చీకటిగా ఉంటుంది కదా పెద్దమ్మా, అన్నాను.

"లోపల సీకటి నాకలవాటే. ఆ కొండ మీద మా అప్ప ఉంటాది. అది దిగలేదు, నానెక్కలేను. దీపం అగుపడితే, సెల్లి ఉందనుకుంటాది."

ఆమె చెప్పినట్టే బిగించాం. ఆ సాయంత్రం నేను అక్కడే ఆగాను. బల్బు వెలిగిన కాసేపటికి అవతలి కొండ మీద ఎవరో కొరివి పట్టుకుని అటూ ఇటూ ఊపారు. ముసలామె కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

వానలు వెలిశాక బ్యాటరీ చూడటానికి మళ్ళీ వెళ్ళాను. వానల్లోనే వాళ్ళప్ప పోయిందట. బయటి బల్బు లోపలికి మార్చి వెళ్ళమంది. నిచ్చెనేసుకుని మార్చాను. ఆ వెలుగులో ఇల్లు ఉన్నదానికన్నా పెద్దదిగా, ఖాళీగా కనిపించింది. నేను ఆఖరి జీపు అందుకోవాలి.

"బేగెల్లాలేటి బాబూ? అంబలి తాగి ఎల్లు," అంది.

జీపు వదిలేశాను. ఇద్దరం పొయ్యి దగ్గర కూర్చుని రాగులతో కాచిన చోడి అంబలి తాగాం. వాళ్ళప్ప మాట ఆమె ఎత్తలేదు, నేనూ అడగలేదు. మీ అమ్మగారు ఎక్కడుంటారని మాత్రం నన్ను అడిగింది. లేదని చెప్పాను. లోటాలో ఇంకాస్త పోసింది.