ఢాకా పెద్దాయనకు నాయన నేసిన శాలువా

సన్మాన సభలంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. ఈయన ఆయన్ని పొగుడుతాడు, ఆయన ఈయన్ని పొగుడుతాడు, కింద కూర్చున్నవాళ్ళు టిఫిన్ ఎప్పుడు పెడతారా అని చూస్తుంటారు. అలాంటిదాన్ని, వేలూరులో రెండు దేశాల స్నేహం పేరుతో సభ పెడుతున్నారంటే నేనే ఎదురెళ్ళి పని నెత్తినేసుకున్నాను. కారణం ఆ వచ్చే మనిషి.

ఆయనది ఢాకా. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. వాళ్ళ దేశం నుంచి వైద్యానికి వేలూరు వచ్చేవాళ్ళు ఎందరో మావాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆసుపత్రి చుట్టుపక్కల వీధుల్లో హోటల్ బోర్డులు కూడా బెంగాలీలో ఉంటాయి. అలా వచ్చినవాళ్ళు భాష రాక, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో తెలియక పడే పాట్లు చూసి, ఆయన ఇక్కడొక ఇల్లు అద్దెకు తీసుకుని, రోగుల వెంట తిరిగే మనుషుల్ని పెట్టాడు. మా వైపు పిల్లలు కొందరు ఆయన మాటసాయంతోనే అక్కడికెళ్ళి చదువుకుంటున్నారు. రెండు దేశాల మధ్య మాటలు బిగుసుకున్న ఈ రోజుల్లో కూడా ఆయన రాకపోకలు మానలేదు. అలాంటి మనిషికి శాలువా కప్పితే తప్పేమిటి అనిపించింది నాకు.

సభ పెట్టిన సంఘానికి కార్యదర్శి బజారులో బట్టల అంగడి ఉన్నాయన. ఆయనా మా తెలుగువాడే. "కప్పే శాలువా అంగట్లోది ఎందుకు టీచరమ్మా, మన గుడియాత్తం మగ్గంమీద నేసిందైతే గొప్పగా ఉంటాది. మీ నాయనను అడగండి" అన్నాడు. వచ్చిన ఆదివారమే గుడియాత్తం వెళ్ళి అడిగాను.

నాయన జీవితమంతా లుంగీలు నేశాడు. అవి ఏయే దేశాలకు పోయాయో ఆయనకు తెలియదు. కట్టుకున్నవాళ్ళలో ఒక్కరి ముఖం కూడా చూసి ఎరగడు. నేను చెప్పిందంతా విని, మగ్గంలో ఆడించే నాడెను పక్కన పెట్టాడు.

"ఎవురికో తెలిసి నేసేది ఇదే మొదలు మ్మా. ఆయన భుజాన పడేది నేను చూడాల. నన్నూ పిలుచుకోని పో" అన్నాడు.

నాయన కళ్ళల్లో పొర ముదిరింది. ఆపరేషన్ మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు. దారం తెగినప్పుడల్లా అమ్మ వచ్చి అతికించింది. మీగడ రంగు నూలు, ఆకుపచ్చ అంచు. మూడు వారాలు పట్టింది. మగ్గం మీద నుంచి కోసిన రోజు నాయన నాలుగు మూలలా పసుపు పెట్టాడు. మా ఇళ్ళల్లో కొత్తగుడ్డ ఎవరికిచ్చినా అంతే. పసుపు పెట్టకుండా ఇచ్చేది చావింటికే. కళ్ళు ఆనక, ఒక మూల వేలు జారి పసుపు జానెడు పొడవునా పాకింది. నేను చూశాను. చూసి, మడతపెట్టి అట్టపెట్టెలో పెట్టాను. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే కదా, అది మరకని నాకు తోచనే లేదు.

సభ రోజు పొద్దున నాయన్ని మూడో వరుసలో కూర్చోబెట్టి, పెట్టె తీసుకుని వేదిక వెనక్కి వెళ్ళాను. కార్యదర్శి శాలువా విప్పాడు. ఆయన ముఖం మారింది.

"పసుపు పెట్టినారా?"

"కొత్తగుడ్డ కదండీ."

"మనింట్లో సరే టీచరమ్మా. నాకు తెలీదా? ఫోటోలో ఇది మురికి మాదిరి కనిపిస్తాది. ఆయన సాయిబు. పూజ చేసిన గుడ్డ కప్పినామని ఆయన కాకపోయినా ఇంకెవురన్నా అనుకుంటే? ఇప్పుడుండే పరిస్థితిలో చిన్నదాన్ని పెద్దది చేసేదానికి గొడవలు పెట్టేవాళ్ళు కాసుకోనుండారు." ఫోన్ తీసి అంగడికి చేశాడు. కాసేపట్లో ఇంకో శాలువా వచ్చింది. అదీ మీగడ రంగే, అంచు కూడా కాస్త ఆకుపచ్చే. మిల్లు సరుకు, తళతళలాడుతోంది.

"మా నాయన వచ్చి ఉన్నాడు" అన్నాను.

"ఆయనకు కండ్లు సరిగా ఆనవని మీరే అంటిరి గదా. అంత దూరంనుంచి ఏది ఏదో యాడ తెలస్తాది?"

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. నిజమే కదా అనిపించింది, పైగా గండం గడిచినట్టుగా కూడా అనిపించింది. నాయన నేసిన శాలువాను నా చేతిసంచిలో కుక్కుకున్నాను. ఆ నిమిషాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నా నామీద నాకే అసహ్యం వేస్తుంది.

అంగడి శాలువా కప్పారు. నాయన అందరికన్నా ఎక్కువసేపు చప్పట్లు కొట్టాడు. పక్కాయనకు వేలితో చూపిస్తూ ఏదో చెప్పాడు కూడా.

తర్వాత పెద్దాయన ఇంగ్లీషులో మాట్లాడాడు. పక్కన నిలబడి తమిళంలో చెప్పడం నా పని. వేలూరులో తాను చూసిన మొదటి పెళ్ళి గురించి చెప్పాడు. పెళ్ళికూతురికి పసుపు రాస్తుంటే, తన కూతురి పెళ్ళిలో తమ ఇంట్లో రాసిన పసుపు గుర్తొచ్చి వీధిలోనే ఆగిపోయాడట. మన ఇళ్ళ మధ్య దూరం అనుకున్నంత లేదని ఆ రోజే తెలిసిందన్నాడు. ఆ వాక్యం మైకులో నేనే చెప్పాలి. చెప్పాను. కార్యదర్శి తలెత్తలేదు.

అంతటితో అయిపోయినా బాగుండేది. సభ ముగిశాక కార్యదర్శి, ఏమనుకున్నాడో ఏమో, ఈ శాలువా నేసినాయన ఇక్కడే ఉన్నాడని పెద్దాయనకు చెప్పాడు. పెద్దాయన గబగబా మెట్లు దిగి నాయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "నాకు చాలా శాలువాలు కప్పారు. నేసిన చేతుల్ని పట్టుకోవడం ఇదే మొదటిసారి" అన్నాడు. నాయనకు ఆ మాట తెలుగులో చెప్పాను. పెద్దాయన తన భుజం మీది చెంగు తీసి, చూడండి అన్నట్టు నాయన అరచేతిలో పెట్టాడు.

నాయన అలవాటుగా బొటనవేలితో దాన్ని రుద్దాడు. వేలు ఆగింది. మళ్ళీ ఒకసారి రుద్దాడు. నావైపు చూశాడు. ఆ చెంగును జాగ్రత్తగా పెద్దాయన భుజం మీదే వేసి దండం పెట్టాడు.

"శానా సంతోషం అని చెప్పు మ్మా. ఆయన సల్లంగుండాలని చెప్పు."

అదీ ఇంగ్లీషులో చెప్పాను.

బస్సులో నాయన నాతో మామూలుగానే మాట్లాడాడు. పల్లికొండ దాటాక కాసేపు నిద్రపోయాడు. ఇంటికి చేరేసరికి వీధిలో నేతవాళ్ళు నలుగురైదుగురు అరుగుమీద కాచుకుని ఉన్నారు. కప్పినారా, ఎట్లుండింది, ఆయన ఏమన్నాడు అని ఒకటే అడగడం. నాయన అన్నీ చెప్పాడు. ఆకుపచ్చ అంచు ఆయన తెల్లగడ్డం పక్కన ఎంత అందంగా ఉందో చెప్పాడు. "నా చేతులు పట్టుకున్నాడప్పా, విడిచేదే లేదు" అన్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను సంచి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చున్నాను.

అందరూ వెళ్ళాక ఉండలేకపోయాను. సంచిలోంచి శాలువా తీసి ఆయన ముందు పెట్టాను. పసుపు సంగతి, ఫోటోల సంగతి, కార్యదర్శి భయం, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అందరి మర్యాద కోసమే చేశానన్నట్టు వాదించాను కూడా. ఆయన నలిగిన మడతలు చేత్తో సాపు చేస్తూ విన్నాడు.

"ఆ పెద్దాయన్ని అంతమందిలో చిన్నబుచ్చలేక ఊరకున్నా. అది సరే. పసుపు పాకిపోయుండాది నాయనా, ఇది వద్దంటాండారు అని నాతో ఒక్క మాట చెప్పింటే నేనే సరే అనింటా. చెప్పలే." నా ముఖం ఉన్న వైపుకి తిరిగి అడిగాడు. "నాకు కండ్లు కనపడవు గదా అనుకుంటివి. అంతే గదా మ్మా?"

"అవును నాయనా" అన్నాను. ఆ రోజు మొత్తంలో ఏ సాకూ కలపకుండా నేను ఆయనతో చెప్పిన నిజం అదొక్కటే.