ముఖ్య అతిథి లేని గది

మా ఎదురింటి పిన్ని చనిపోయిన వార్త గురువారం నాకు దుర్గ్ కోర్టు ఆవరణలో తెలిసింది. మా వైశాలి నగర్ కాలనీ కమిటీ నా ఫోన్‌కు పంపిన సందేశంలో ఆమె గొప్ప సంఘసేవకురాలు, పుణ్యాత్మురాలు అని ఉంది. ఆమె నడిపిన గది గురించి ఒక్క ముక్క లేదు. ఆ గదిని మూయించాలని ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించింది ఈ కమిటీయే.

మా అమ్మ ఆమెను చెల్లీ అని పిలిచేది కాబట్టి నాకు పిన్ని. బాబాయి పోయాక ఆయన కరెంటు సామాను దుకాణం ఖాళీ చేసి, గోడలకు సున్నం వేయించి, ఈ ఊరి పిల్లలు చేసే కొత్త తరహా కళకు ఇచ్చేసింది. బోర్డు పెట్టలేదు. దీపం, రిబ్బను, ముఖ్య అతిథి ఉండేవి కావు. ప్రదర్శన చూడడానికి ఎవరు ముందొస్తే వాళ్ళే షట్టరు ఎత్తాలి. ఒకసారి పెరుగమ్మే ఆవిడ ఎత్తింది. లోపల వేలాడుతున్న సైకిల్ ట్యూబులు చూసి, "యే క్యా హై దీదీ, పంక్చర్ దుకాణమా?" అంది. "నీకేటనిపిస్తందో ముందు సెప్పు" అంటూ పిన్ని స్టూలు జరిపింది. టీ చల్లారేదాకా ఇద్దరూ ఆ ట్యూబుల గురించే మాట్లాడుకున్నారు.

కమిటీ కార్యదర్శికి ఇది మింగుడు పడలేదు. ఒకరోజు నేనుండగానే వచ్చాడు.

"ఆంటీ, కళంటే దేవుడి బొమ్మలుండాలి, సీనరీలుండాలి. ఈ కబాడీ తుక్కు ఏంటి? పోనీ మా లీడరుగారిని పిలవండి. ఆయన ఫోటో ఒకటి గోడకి పెట్టండి. కంప్లైంట్లు మేం చూసుకుంటాం."

"గోడ నాది కాదు బాబూ. ఎవులు బొమ్మ ఏలాడదీస్తే, అది దిగీదాకా ఆలదే. మీ లీడర్ని రమ్మను. ముందొస్తే ఆయనే షట్టరు ఎత్తుతాడు. నడుం నొప్పి లేదు కదా?"

కొన్నాళ్ళకు మూసేయమని గదికి నోటీసు అంటించారు. అదీ ప్రదర్శనలో భాగమే అనుకుని ఒకాయన దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. పిన్ని ఆయన్ని వారించలేదు.

ఆమె పెట్టిన చివరి ప్రదర్శన రుఆబాంధా బస్తీ అమ్మాయి మమతది. ఉక్కు ప్లాంటులో కాంట్రాక్టు కూలీలు వాడి పారేసిన గ్లౌజులను కలిపి కుట్టి, దాదాపు గోడంత తెర చేసింది. ఆదివారం దాకా ఉంచుతానని పిన్ని మాటిచ్చింది.

శనివారం కమిటీ ఆ గదిలోనే సంతాప సభ పెట్టింది. నేను వెళ్ళేసరికి గోడ మీద ఫ్లెక్సీ ఉంది. దాని నిండా లీడరుగారి ముఖం, మూలన పిన్ని ఫోటో. గ్లౌజుల తెర గుమ్మం బయట నేల మీద పరిచి ఉంది. దాని మీద జనం చెప్పులు విడిచారు.

మమత కార్యదర్శిని నిలదీసింది. "ఎవర్నడిగి తీశారు అంకుల్?"

"ఆంటీ లేరు కదా బేటీ. ఎవర్నడగాలి?"

"నన్ను. కల్ తక్, ఆదివారం దాకా, ఆ గోడ నాది. ఆవిడే చెప్పారు."

"చిరిగిన గ్లౌజులే కదా! దులిపి ఇచ్చేస్తాం. వీఐపీ వచ్చే టైమ్, గొడవ చేయకు."

లీడరుగారు వచ్చారు. దీపం వెలిగించారు. పిన్నిని కళామాత అన్నారు. మధ్యలో ఆగి, పక్కకు వంగి, ఆమె పేరేమిటని అడిగారు. మైకు ఆన్‌లోనే ఉంది. ఆ గదికి ఆయన రావడం అదే మొదటిసారి. ఆమె బతికుండగా మూయించాలని చూసినవాళ్ళే అక్కడ ఆమె ఫోటోకు దండ వేశారు. దీన్ని నివాళి అని నేను రాయను.

ఆదివారం పొద్దున, మా ఇంట్లో ఎప్పుడూ ఉండే రెండో తాళం చెవి పట్టుకుని వెళ్ళాను. మమత తెరను ఒళ్ళో పెట్టుకుని షట్టరు ముందు కూర్చుని ఉంది.

"చూడ్డానికి ముందు మీరే వచ్చారు భయ్యా. ఎత్తండి."

లోపల ఫ్లెక్సీ అలాగే ఉంది. పీకబోతుంటే వద్దంది. చెప్పుల దుమ్ము దులపకుండానే తెరను దాని మీద మేకులు కొట్టి వేలాడదీసింది. పిన్ని ఫోటో కూడా మూసుకుపోయింది. ఆమె ఉంటే ఏమీ అనుకునేది కాదు. తెర వెడల్పు కొంచెం చాలక, లీడరుగారి చెవి ఒకటి బయటే ఉండిపోయింది.

సాయంత్రం షట్టరు దించేదాకా, వచ్చినవాళ్ళు ఆ చెవి పక్కనే నిలబడి, ఏ గ్లౌజుకు ఏ వేలు కాలిపోయిందో ఒకరికొకరు చూపించుకుంటూ మాట్లాడుకున్నారు.